శిరోభూషణమైన శిరస్త్రాణము

ఆదివారమునాడు పదకొండు గంటలు దాటిన పిమ్మట ఢిల్లీలో అశోకా రోడ్డు వెంబడి పోవువారికి, ఆంధ్రభవనము దాపునకు వచ్చుసరికి మసాలా ఘుమఘుమ యొకటి ముందుగా ఎదురువచ్చి, ఆ వెనుక బిర్యానీకై నిలుచున్న జనసమూహము కనబడును. ఆ జనములో తెలుగువారికంటె పరభాషలవారే హెచ్చుగా నుండుట ఇప్పుడు వింత గాదు. నే నీ నడుమ గమనించిన వింత వేఱొకటి కలదు. గోడవారగా నిలిపిన బుల్లెట్టు బండ్ల వరుసలో ఒక్కొక్క పెట్రోలు టాంకు మీద ఒక్కొక్క హెల్మెట్టు, పూజకు పెట్టిన కలశమువలె, జాగ్రత్తగా దించిపెట్టి యున్నది. ఒకటి మీగడరంగుది, నడుమ ఎఱ్ఱని పట్టీ. ఒకటి నాచుపచ్చనిది, నుదుటిమీద మూడు ప్రెస్‌బటన్లు. ఒకటి నలుపు తెలుపు గళ్లతో చదరంగపు బల్లను తలపించుచున్నది. మరియొకదానిపై ఎండ పడినంతనే అభ్రకమువంటి తళుకు కన్ను చెదరగొట్టుచున్నది. పదునైదేండ్ల క్రిందట ఇదే గోడవార నిలిచిన బండ్లకు హెల్మెట్టనునది ఉన్నచో, అది అద్దపు కాడకు వ్రేలాడుచునో, సీటు ప్రక్క కొక్కెమునకు తగిలింపబడి శిక్ష ననుభవించు బాలునివలె తలక్రిందులుగానో ఉండెడిది.

ఢిల్లీలో ముప్పదియేండ్లుగా కాపురముండి, అందు సగము కాలము స్కూటరుమీదను తక్కిన సగము మోటారుసైకిలుమీదను గడిపినవాడను గనుక ఈ మార్పు నా కంటికి ఆనినది. ఈ యూరివారికి హెల్మెట్టనగా నిన్నమొన్నటివరకు తలకు సంబంధించిన వస్తువు కాదు, చలానుకు సంబంధించిన వస్తువు. చౌరాస్తా రాబోవుచున్నదనగా మోచేతినుండి తలకెక్కుటయు, పోలీసువాని చూపు దాటగానే మరల మోచేతికి దిగుటయు దాని నిత్యకృత్యము. 2019లో సవరించిన చట్టము వేయి రూపాయల జరిమానాయు, మూడు నెలలపాటు లైసెన్సు నిలుపుదలయు ఉండునని చాటినను, భయ మున్నంతసేపే హెల్మెట్టు తలమీద నుండెను. భయము చేయలేని పనిని ఇప్పుడు సోకు చేయుచున్నది. పాతకాలపు పందెగాండ్ర శిరస్త్రాణముల పోలికలో తయారగుచున్న ఈ రెట్రో హెల్మెట్లను కుఱ్ఱవాండ్రు ఎవరును చెప్పకయే, అద్దములో చూచుకొని మఱీ, ధరించుచున్నారు. ఇంతవరకు సంతోషమే. అయితే ఈ సంతోషములో ఒక మెలిక గలదు. వారు మోజుపడుచున్న ఆ యాకారము, మనుష్యునికి తన తలను గూర్చి తెలిసినది మిక్కిలి తక్కువగా నున్న కాలమునాటిది.

ఆ కథ 1914 ప్రాంతమున ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సు పందెపుబాట వద్ద మొదలగును. అచ్చటి వైద్యుడు ఎరిక్ గార్డ్‌నర్, పందెములలో పడి తల పగులగొట్టుకొని వచ్చువారిని తరచుగా చూచి చూచి, లండనులోని బెత్నల్ గ్రీన్ పేటలో మాస్ అను పనివానిచేత కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టిపఱచిన టోపీలను చేయించెను. పందెముల నిర్వాహకులు తొలుత ముక్కు విఱచినను, ఆ యేటనే మాన్ ద్వీపపు టూరిస్ట్ ట్రోఫీ పందెములలో పాల్గొనువారికి అట్టి టోపీ తప్పనిసరి యయ్యెను. లక్క యనగా ఆ దినములలో లోకమునకు ప్రధానముగా మన దేశపు అడవులనుండియే పోవు సరకు. భారతములో దుర్యోధనుడు లక్కయింటిని కట్టించినది పాండవులను కాల్చుటకు; ఆ లక్కయే ఇచ్చట దొరల తలలు కాచుటకు పనికివచ్చినది.

అయినను ఆ టోపీ పందెపుబాట విడిచి రాచబాటకు వచ్చుటకు ఇంకొక పాతికేండ్లును ఒక ప్రసిద్ధ పురుషుని మరణమును కావలసివచ్చినవి. అరేబియా లారెన్సని లోకము పిలిచిన టి.ఇ. లారెన్సు, 1935 మే 13వ తేదీన డార్సెట్ సీమలో తన కుటీరమునకు సమీపమున బ్రఫ్ సుపీరియర్ మోటారుసైకిలుపై వేగముగా పోవుచు, సైకిళ్లపై నున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. తలకు ఏ యాచ్ఛాదనమును లేదు. స్మృతి దప్పి ఆరు దినములుండి 19వ తేదీన కన్నుమూసెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను నాతడు, ఆస్ట్రేలియాలో జన్మించి మెదడు శస్త్రచికిత్సలో పేరుపొందినవాడు, ఒక డుండెను. రోగి దక్కలేదు గాని రోగము వైద్యుని మనసును వదలలేదు. యుద్ధము వచ్చినది. దీపము లార్పిన రోడ్లపై, సైనిక సందేశములు మోయు మోటారుసైకిలువారు రాలిపోవుచుండిరి. యుద్ధారంభమునుండి 21 నెలలలో బ్రిటనులో మోటారుసైకిళ్లపై పోవుచు మరణించినవారు 2,279 మందియని కెయిర్న్స్ 1941లో ప్రకటించిన వ్యాసములో లెక్క చూపెను. హెల్మెట్టుతో పడి తనయొద్దకు వచ్చినవా రేడుగురే, ఆ యేడుగురును బ్రదికిరి. ఏడు చాల చిన్న సంఖ్య. అయినను ఆ యేటి నవంబరులోనే బ్రిటిషు సైన్యము మోటారుసైకిలు సిబ్బంది కందఱికిని హెల్మెట్టు తప్పనిసరి చేసెను. మన గణతంత్ర దినోత్సవపు కవాతులో, బుల్లెట్లపై నిచ్చెన లెక్కి, గోపురములు కట్టి, చూపఱుల గుండెలు గుబగుబలాడించు సిగ్నల్స్ దళపు డేర్‌డెవిల్స్‌ను చూచునప్పుడెల్ల, సందేశవాహకులగు ఆ పూర్వసైనికుల వంశమువారే గదా వీరని నాకు తోచుచుండును.

ఆనాటి హెల్మెట్టు నొకదానిని చేతబట్టి చూచు భాగ్యము నాకొకసారి కలిగినది. స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఆరంభించిన పాత మోటారుబండ్ల రాలీలో, ఒక పెద్దమనిషి తన తాతగారి మోటారుసైకిలుతోపాటు ఆయన తలపాత్రను గూడ తెచ్చియుండెను. తలపాత్ర యనుట పరిహాసము గాదు. ఇంగ్లండులో ఆ రకమునకు పుడ్డింగు గిన్నె యనియే వాడుక, మనవారు చూచినచో బోర్లించిన సత్తుగిన్నె యందురు. చెవులపై కంటె దిగదు. చెవులను, చెంపలను కప్పుటకు మెత్తని తోలు రెక్కలు. గడ్డముక్రింద తోలు పట్టీ, దానికి ఇత్తడి బకిలు. తిరుగవేసి లోపల చూచితిని. అంచుచుట్టు బెండు పట్టె. నడుమ మన నవారుమంచమునకు వేయునట్టి నవారు పట్టీలు నాలుగైదు అడ్డముగ సాగి, తలను గిన్నెకు తగులకుండ మోయుచున్నవి. ఒకచోట నవారు చివికి, ఎవరో ఇల్లాలు కాబోలు, తెల్లని దారముతో అడ్డకుట్టు వేసినది. బరువు లేదు. వ్రేలితో కొట్టగా చెక్కపెట్టె శబ్దము. దీనిని పెట్టుకొని గంటకు నూఱు మైళ్ల వేగమున పోయిరిగదా యని తలచుకొనగా నాకు ఆశ్చర్యముకంటె ముందుగా జాలి కలిగినది.

ఏలయనగా హెల్మెట్టులో ప్రాణము పోయునది పైడొల్ల గాదు. ఢిల్లీ మెకానిక్కులు, మన యూళ్లవారును గూడ థర్మోకోల్ అని పిలుచు ఆ తెల్లని పూసల అట్టయే అసలు వస్తువు. రెండు మీటర్ల ఎత్తునుండి పడిన తల నేలను తాకునప్పటికి దాని వేగము గంటకు సుమారు 22 కిలోమీటర్లు. అనగా బండి నిలిచియుండగా ప్రక్కకు ఒరిగినను కలుగు వేగమునకు ఇది మిక్కిలి దూరము గాదు. ఆ వేగము 3 మిల్లీమీటర్లలో ఆగవలసివచ్చినచో ఎంత దెబ్బయో, 3 సెంటీమీటర్లలో ఆగినచో అందు పదవవంతు. థర్మోకోలు చేయునదంతయు ఇంతే: తాను నలిగిపోవుచు తలకు ఆ పాటి దూరమును, దానితోపాటు కన్నుమూసి తెఱచునంతకంటె తక్కువయే యైన ఆ పాటి కాలమును సంపాదించిపెట్టును. ఒకసారి నలిగినచో మరల పొంగదు. పడని హెల్మెట్టునైనను అయిదేండ్లకు మార్చుమని అమెరికాలోని స్నెల్ సంస్థ చెప్పుట చెమట, నూనె, ఎండ, జిగురు మున్నగువానివలన కలుగు క్షయమును లెక్కించియే. నేను ఒకసారి వానలో జాఱిపడినప్పటి హెల్మెట్టు, పైన గీత యైనను సరిగా పడనిది, లోపల ఎడమ కణత చోట చీలియుండెను. ఇప్పుడది మా మేడమీద మట్టి నింపుకొని పుదీనాకు కుండీగా నున్నది. థర్మోకోలు నీటిని నిలువనీయక చక్కగా కాపాడునని మా యింటిది మెచ్చుకొనును.

నలిగి కాపాడు ఈ యుపాయము, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చార్లెస్ లాంబార్డు 1953లో పేటెంటు పొందిన శిరస్త్రాణముతో రూపుకట్టినది. మరుసటి యేడు రాయ్ రిక్టర్ అను మోటారుసామగ్రి వర్తకుడు తన బెల్ దుకాణమునుండి '500' అను పేర ఫైబరుగ్లాసు హెల్మెట్టును విడుదల చేసెను. జెట్టు విమానచోదకుల శిరస్త్రాణమునకు తోబుట్టువువలె చెవులను మెడను కప్పుచు ముఖమును మాత్రము విడిచిపెట్టు ఈ డొల్లయే, ఆంధ్రభవనపు గోడవార టాంకులమీద వెలయుచున్న ఓపెన్‌ఫేసు హెల్మెట్లకు మూలపురుషుడు. నుదుటి మూడు బటన్లు ఎండకు చూరునో, గాలికి బుడగవంటి అద్దమునో తగిలించుకొనుటకు పెట్టినవి. నేడు చాలమంది వానికి ఏదియు తగిలింపరు, బటన్లే నగలుగా మిగిలినవి. 1956లో పీట్ స్నెల్ అను పందెగాడు హెల్మెట్టు పెట్టుకొనియు తలగాయముతో మరణింపగా, అతని మిత్రులు మరుసటి యేట అతని పేర పరీక్షాసంస్థను నెలకొల్పిరి. 1968లో జర్మన్ గ్రాండ్‌ప్రీలో డాన్ గర్నీ గడ్డమును గూడ కప్పు ఫుల్‌ఫేసు హెల్మెట్టుతో కారు తోలి తోడివారిని విస్మయపఱచెను. అంతటితో ముఖము లోకమునకు కనబడుట ముగిసినది. కనబడని ముఖమునకు బదులుగా రంగులు మాటలాడ మొదలిడినవి. మైక్ హెయిల్‌వుడ్ తెలుపుపై ఎఱుపు బంగారు రేఖలు, జోయీ డన్‌లప్ పసుపురంగు, జియాకొమో అగోస్తీని ఇటలీ పతాకపు మూడు వన్నెలు, బారీ షీన్ నల్లని డొల్లమీద డొనాల్డ్ డక్ బాతుబొమ్మ — దూరమునుండి దూసుకువచ్చు పందెగానిని గుర్తుపట్టుటకు ఇవియే ఆధారము. మన యక్షగానములలో కిరీటమును చూచియే పాత్రను పోల్చుకొనుట లేదా, అట్లన్నమాట.

ఇక ఢిల్లీ మాట. 1964లో ఈ నగరమున పుట్టిన స్టీల్‌బర్డ్, 1970ల దశకమున ఫరీదాబాదులో మొలకెత్తిన స్టడ్స్ — ఈ రెండు పేర్లు వినని ద్విచక్రవాహనదారుడు దేశమున నుండడు. ఈనాడు యమునకు ఆవలను ఈవలను గల ఈ ప్రాంతము లోకపు హెల్మెట్ల పటములో పెద్ద చుక్క. ఆ హెల్మెట్లకు హద్దులు గీయు ఐ.ఎస్. 4151 అను ప్రమాణమును కాపాడు మానక్ భవనము సైతము ఇచ్చటనే, బహదూర్‌షా జఫర్ మార్గమున నున్నది. తయారుచేయువారు, ప్రమాణము వ్రాయువారు, చట్టము చేయువారు ఒక్కయూరిలో నుండియు, తల మీద పెట్టుకొనువారే కొఱతపడిరి.

కోర్టుకు పోయిన ఖ్యాతి మాత్రము మనది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నియమావళిలోని 498-ఎ నియమము హెల్మెట్టు ధరింపవలెనని శాసింపగా, ఇది స్వేచ్ఛగా సంచరించు ప్రాథమిక హక్కునకు భంగమని వాదించుచు ఒకరు సుప్రీముకోర్టువఱకు వచ్చిరి. హెల్మెట్టు మనుష్యుని కదలనీయకుండ చేయునది గాదు, ప్రాణము కాపాడునది యని న్యాయస్థానము 1988లో ఆ వాదమును త్రోసిపుచ్చెను. ఆ యేటి కేంద్రచట్టము 129వ సెక్షనులో హెల్మెట్టును దేశమంతటికి విధించి, తలపాగా ధరించు సిక్కులను మినహాయించెను. ఢిల్లీ ప్రభుత్వము స్త్రీలకందఱికిని అట్టి వెసులుబాటు నిచ్చి, 2014 ఆగస్టులో సిక్కు స్త్రీలకు మాత్రము దానిని నిలిపి తక్కినవారికి రద్దుచేసెను. అంతవఱకు భర్త హెల్మెట్టుతోను, వెనుక భార్య కొంగుతోను, నడుమ పిల్లవాడు దైవకృపతోను పోవు దృశ్యము ఈ వీధులలో సర్వసాధారణము. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్టును తయారుచేయుటయు అమ్ముటయు 2021 జూన్ 1 నుండి నిషిద్ధము. చట్టముపాలు ఇంతే, దీనికంటె వ్రాయదగినది కరోల్‌బాగులో నున్నది.

గురుగ్రామములో ఉద్యోగము చేయు మా మేనల్లుడు, ఇటీవల కాంటినెంటల్ జి.టి. బండి కొని, దానికి తగిన హెల్మెట్టు వెదకుటకు నన్ను వెంట దీసికొనిపోయెను. బుల్లెట్లకు అలంకారములు చేయు కరోల్‌బాగు నాయీవాలా గల్లీలో నడుచుట యనగా వెండికొట్ల నడుమ నడుచుటయే. సైలెన్సరులు, దీపములు, హాండిలు కమ్ములు తోరణములవలె వ్రేలాడుచుండును. ఒక కొట్టువాడు మమ్ము చూడగానే బయటకు వచ్చి, గోధుమరంగు తోలు కుట్టు అంచుతో, ప్రక్కన గుండ్రని వలయములో '7' అంకెతో నున్న చిన్న హెల్మెట్టు నొకదానిని కుఱ్ఱవాని చేతిలో పెట్టి, ఒరిజినల్ వింటేజి రేసింగ్ మాల్ అని ప్రమాణము చేసెను.

"చూడు మామయ్యా, అచ్చం పాత సినిమాలోలా ఉంది. తలకి పట్టేసింది కూడా."

"బాగానే ఉంది. తీసి లోపల బొటనవేలుతో గట్టిగా నొక్కి చూడరా."

వాడు నొక్కెను. మెత్తని గుడ్డ, దానిక్రింద అరంగుళమైనను లేని స్పాంజి, దానిక్రింద నేరుగా ప్లాస్టికు. వ్రేలు డొల్లకు తగిలి టక్కున శబ్దమైనది. థర్మోకోలు జాడయే లేదు. వెనుక ఐ.ఎస్.ఐ. బిళ్ళ అంటియున్నది గాని గోటితో గీఱగా లేచివచ్చినది. దానిపై లైసెన్సు నంబరే లేదు. ఇదేమని యడుగగా కొట్టువాడు సిగ్గుపడక, "సాబ్, ఇది షోకుకు, చలానుకు కావలెనన్న వేఱే యున్నది" అని హిందీలో సెలవిచ్చెను. తల కాచుట కేదియో వా డనలేదు. లారెన్సు పడిననాటికంటె ముందటి విజ్ఞానమును, ఈనాటి తళుకుతో పొట్లముకట్టి అమ్ముట యనగా ఇదియే. నవారు పట్టీలైన ఆ గిన్నెలో నుండెను. ఇందు అదియు లేదు.

నాలుగు కొట్లు దాటిన పిమ్మట దొరకినది మఱియొక విధమైనది. ఆకారము పాతదే: గుండ్రని డొల్ల, చిన్న నేత్రద్వారము, గడ్డముచోట మూడు సన్నని గాలిచీలికలు. లోపల వ్రేలు నొక్కగా దళసరియైన థర్మోకోలు, పట్టీకి లాగి బిగించు రెండు డి రింగులు, బిళ్ళపై ఐ.ఎస్. సంఖ్యయు, దానిక్రింద సి.ఎం./ఎల్. అని లైసెన్సు సంఖ్యయు. మావాడు అక్కడికక్కడే ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాపులో ఆ సంఖ్యను సరిచూచుకొనెను. అయినను వాని మనసు ముఖము తెఱచియుండు హెల్మెట్టు మీదనే యుండెను. ఢిల్లీ జ్యేష్ఠమాసమున, 45 డిగ్రీల ఎండలో, ఫుల్‌ఫేసు పెట్టుకొనుట తందూరులో తలదూర్చుటయే యని వాని వాదము. వాదములో బలము లేకపోలేదు. కాని హెల్మెట్టుకు తగులు దెబ్బలలో సుమారు మూడవవంతు గడ్డము ప్రాంతముననే యని జర్మనీలో డీట్మార్ ఒట్టే పరిశీలనలో తేలినదని నేను చెప్పితిని. "పెళ్లిచూపులు ఇంకా కాలేదు కదరా" అని కూడ చెప్పితిని. రెండవ మాటయే పనిచేసినది.

ఈ విషయమున ఈ నగరము స్మరింపవలసినవా డొక డున్నాడు. ఐ.ఐ.టి. ఢిల్లీ ఆచార్యుడు దినేష్ మోహన్ 1979లో ఇచ్చటికి వచ్చి, ఢిల్లీ రోడ్లపై పడిన మోటారుసైకిలువారి తలగాయములను, హెల్మెట్లను ఏండ్లతరబడి పరిశీలించి, 2021లో మరణించువఱకు రోడ్డు ప్రమాదము విధి గాదు, నిర్మాణదోషమని చెప్పుచునే యుండెను. ఆయన పేరు హెల్మెట్టు పెట్టుకొనువారిలో నూటి కొకనికైన తెలియునో తెలియదో. బారీ షీన్ బాతు మాత్రము మా మేనల్లునికి తెలియును.

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2023 సెప్టెంబరులో మోటోజీపీ పందెము జరిగినప్పుడు మే మిద్దఱము పోయితిమి. మార్కో బెజ్జెకీ గెలిచెను. గంటకు 300 కిలోమీటర్లు దాటి మెఱయుచుపోవు ఆ తలల రంగులలో అరువదియేండ్లనాటి రేఖలు కొన్ని నాకు కనబడినవి. డొల్ల మాత్రము కార్బను నూలుది, దాని వెనుక గాలిని చీల్చు మూపురము. పందెగాండ్రు పాతను పైపూతగా మాత్రమే ఉంచుకొనిరి. ప్రేక్షకులలో చాలమంది తిరుగుప్రయాణమునకు బండ్లెక్కుచు, పట్టీ బిగింపకుండగనే హెల్మెట్టును నెత్తిన మోపి వెడలిరి.

మొన్న ఐ.టి.ఓ. కూడలిలో, మానక్ భవనమునకు కూతవేటు దూరమున, ఎఱ్ఱదీపము పడి ఆగియున్నాము. ట్రాఫిక్ కానిస్టేబులు మా వైపే వచ్చుచుండగా మేనల్లుడు అలవాటుచొప్పున కాగితములకై జేబు తడుముకొనెను. ఆయన కాగితము లడుగలేదు. హెల్మెట్టును ముందునుండి యొకసారి, ప్రక్కకు నడిచి యొకసారి చూచి, మీగడరంగుపై ఎఱ్ఱ పట్టీ మీద చూపుడువ్రేలు మెల్లగా రాచి, ఇది ఎక్కడ కొన్నావు, మా అబ్బాయి తలకు సరిపోవునది దొరకునా యని యడిగెను. మావాడు నాయీవాలా గల్లీ గుర్తు చెప్పుచుండగనే పచ్చదీపము వెలిగినది. వెనుకనున్నవా రందఱును హారనులు మ్రోగించుచుండిరి. కానిస్టేబులు వారికి ఒకచేయి అడ్డము చూపి, రెండవచేతితో చిన్న పుస్తకము తీసి, ఆ కొట్టు పేరు వ్రాసికొనెను.